జువ్వలదిన్నె రేవులో ఆసిలోస్కోపు

ఉదయం ఆరున్నరకు నెల్లూరు బస్టాండులో కావలి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. కండక్టర్ టికెట్టు నా చేతిలో పెట్టి ముందుకు పోయాడు. ఒళ్ళో ఉన్న చేతిసంచి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నాకు కాస్త అవమానంగానే అనిపించింది. ఆ సంచిలో ఆసిలోస్కోపు ఉంది మరి.

తీగలో కరెంటు రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో ఎలా ఎగిరిందో, ఎలా పడిందో గీతగా గీసి చూపించే పరికరం అది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో దాన్ని మోయడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. ఒకసారి బస్సులో తీసుకెళ్తుంటే టీవీ అనుకుని కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. "టీవీ కాదయ్యా" అన్నాను. "అయితే దీంట్లో బొమ్మ రాదా?" "గీత వస్తుంది." "గీతకైనా టికెట్టేనమ్మా!" ఇప్పుడదే ఆసిలోస్కోపు టిఫిన్ డబ్బాకీ నీళ్ళ సీసాకీ మధ్య సర్దుకుని కూర్చుంది.

ఈ ప్రయాణానికి కారణం జువ్వలదిన్నె కోటమ్మ. బోటు ఆవిడది, నడిపేది భర్త పోలయ్య. నిరుడు నెల్లూరులో నా దుకాణంలోనే ఫిష్ ఫైండర్ కొన్నారు. బోటు అడుగు నుంచి నీళ్ళలోకి శబ్దం పంపి, సముద్రం అడుగును, దారిలో ఉన్న చేపల గుంపును తాకి తిరిగొచ్చే జవాబును తెరమీద చూపించే యంత్రమది. ముందురోజు సాయంత్రం కోటమ్మ ఫోన్ చేసింది. "అక్కా, రేపట్నించి వేట. ఐసు ఎక్కించేసినాం. మెషీన్ చూస్తే మంచు పట్టినట్టు ఉండాది, ఏమీ కనపడ్ల్యా. కళాసులు మధ్యాన్నం దాకా చూస్తారంట, ఆనక ఇంకో బోటుకు పోతారంట." రెండు నెలల నిషేధం తర్వాత మొదటి వేట. బోటులో పనిచేసే మనుషులు ఒకసారి వేరే బోటెక్కితే ఆ సీజనంతా వెనక్కి రారు. 

బస్సులో నా పక్కన అల్లూరు రొయ్యల రైతు కూర్చున్నాడు. నా పని తెలుసుకుని నవ్వాడు. "గుంటలో ఆక్సిజన్ ఎంతుండాదో ఇప్పుడు ఫోన్లోనే తెలస్తాంది మేడం. ఇంక మీ ఇంజనీర్లకు పనేముంది?"

"ఆ ఫోను అబద్ధం చెప్పిన రోజు ఎవర్ని పిలుస్తారు?" అన్నాను.

"ఇంకో ఫోను కొంటాం" అని రాజుపాలెంలో దిగిపోయాడు. 

బిట్రగుంట వైపు తిరిగే అడ్డరోడ్డులో దిగి ఇడ్లీ తిన్నాను. చట్నీలో ఉప్పు లేదని చెప్పాను. "సముద్రానికేగా పోతన్నారు" అంది అమ్మే ఆవిడ. అక్కణ్ణించి షేర్ ఆటో. వెళ్ళదలచినవాళ్ళు గొడుగు మరవకండి, రేవులో తలదాచుకునే నీడ దొరకడం కష్టం.

తొమ్మిది దాటింది. మిగతా బోట్లన్నీ తెల్లవారకముందే పోయాయి. కోటమ్మ బోటొక్కటే రేవు గోడకు కట్టి ఉంది. బోటు మెడలో పూలదండ, ఒంటినిండా పసుపు కుంకుమ. ఐసు గది నుంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. కళాసులు ఒడ్డున కూర్చుని వాటినే చూస్తున్నారు.

"మా నాయన తాడుకు సీసం గుండు కట్టి లోతు చూసేవాడు. ఇప్పుడీ పెట్టె లేకుంటే ఒక్కడూ బోటెక్కడు" అన్నాడు పోలయ్య.

"ఆ గుండేదో నువ్వు కట్టి చూపించు, ఎక్కుతారేమో" అంది కోటమ్మ. ఆయన నన్ను బోటెక్కించి పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు.

వెనక మూత తీసి ఆసిలోస్కోపు తగిలించాను. అడుగునున్న శబ్దపు బిళ్ళకు వెళ్ళే కేబుల్ ఊడదీస్తే యంత్రం గట్టిగానే కేక పెడుతోంది, అంటే శబ్దం పంపే కరెంటు గీత ఎత్తుగా లేస్తోంది. తగిలిస్తే కేక నీరసపడి, దాని వెనకంతా గడ్డి మొలిచినట్టు రొద. అంటే లోపం కేబుల్లోనో బిళ్ళలోనో ఉండాలి. బిళ్ళ పోతే బోటును ఒడ్డుకు లాగాలి. ఆ మాట పైకి అనకుండా కేబుల్ చివరి సాకెట్లోకి టార్చి వేశాను. లోపలంతా పచ్చగా ఉంది.

"ఇదేంటి కోటమ్మా?"

"పూజ చేసినాం గదక్కా. నిషేధంలో పెట్టె ఇంట్లో ఉన్నింది. బోటులో తీగ చివర మూడు కళ్ళు కనబడినాయి. మూడింటికీ పసుపు పెట్టినా. ఇంజనుకు పెట్టి, వలకు పెట్టి, చూసే కళ్ళకు పెట్టకుండా ఎట్ట?"

తడి పసుపు, దానికి ఉప్పుగాలి. కరెంటు దారి తప్పడానికి అంతకన్నా ఏం కావాలి? స్పిరిట్ సీసా, బ్రష్షు తీశాను. కోటమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తుడిచేస్తావా? మొదటి వేటకు ముందు పెట్టిన పసుపు తుడుస్తారా ఎవురన్నా?"

"తుడవకపోతే బోటు కదలదు."

"తుడిస్తే బోటు తిరిగిరాకపోతే?"

  కేబుల్ మళ్ళీ తగిలించి, ఆసిలోస్కోపు ఆవిడ అరచేతిలో పెట్టాను. "చూడు. ఈ పెద్ద గీత మనం వేసిన కేక. గంగమ్మ జవాబు దీని వెనక రావాలి. వచ్చిందా?"

ఆవిడ తెర మీదికి వంగింది. గడ్డి తప్ప ఏమీ లేదు.

"జవాబు వస్తానే ఉండాదా, నా పసుపే అడ్డమా?"

"వస్తూనే ఉంది. పసుపే అడ్డం."

"బ్రష్షు ఇట్టా ఇయ్యి. నేను పెట్టింది నేనే తీస్తా. నువ్వు తియ్యబాక."

ఒక్కో కంటినీ చంటిబిడ్డ చెవి తుడిచినట్టు తుడిచింది. ఎండలో ఆరబెట్టి కేబుల్ బిగించాం. తెరమీద కేక లేచింది. గడ్డి మాయమైంది. కేక వెనక, కాస్త ఎడంగా, చిన్న గీతల గుంపు ఒకటి లేచి నిలబడింది. రేవు అడుగు. మా కేక బురదను తాకి తిరిగొచ్చింది, విన్నానని అడుగు చెబుతున్నట్టు. ఇన్నేళ్ళుగా ఎన్నో గీతలు చూసిన నేను, ఆ గుంపును తెరమీద వేలితో తాకి చూశాను.

"అదేనా?" అంది కోటమ్మ.

"అదే."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. కళాసులు ఎవరూ పిలవకుండానే లేచి బోటెక్కారు. పసుపు ఈసారి పెట్టె మూత మీద, బాగా పైన పెట్టించాను. పన్నెండు కాకముందే బోటు రేవు దాటింది.

కోటమ్మ ఇంట్లో ఎండుచేపల పులుసు తిని మూడింటికి బయల్దేరాను. తిరుగు బస్సులో ఒకే సంగతి మనసులో మెదిలింది. ఆసిలోస్కోపు బరువుగా ఉన్న రోజుల్లో యంత్రాలే మా బల్ల దగ్గరికి వచ్చేవి. ఆ లెక్కన ఈ పెట్టె ఒక్కటే ఊడి నెల్లూరొచ్చేది, నా బల్ల మీద చక్కగా పనిచేసేది, లోపం లేదని తిరిగి వెళ్ళేది. కేబుల్, పసుపు, కోటమ్మ భయం మాత్రం రేవులోనే ఉండిపోయేవి. పరికరం చిన్నదైతే మాకు మోత తగ్గిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది మమ్మల్ని రోగం ఉన్న చోటికి నడిపించింది.

కోవూరు దాటుతుండగా కోటమ్మ ఫోన్ చేసింది. "టవరు పోకముందు మా ఆయన మాట్లాడినాడక్కా. అడుగు బాగా కనబడతాందంట."

"చేపలో?"

"చేపలు గంగమ్మ ఇయ్యాల గదక్కా, అవి కూడా నిన్నే అడగమంటావా?" అని నవ్వింది.

కేబుల్ పట్టుకున్నప్పుడు అంటిన పసుపు నా గోళ్ళ సందుల్లో అలాగే ఉంది. సంచిలో స్పిరిట్ సీసా ఉన్నా తియ్యలేదు. బోటు తిరిగొచ్చేదాకా ఉండనీ అనుకున్నాను.