కండ్లు తెరిచి చేసిన ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఇవాళ మీ ముందు నిటారుగా నిలబడి మాట్లాడుతున్న ఈ మనిషి ఒకప్పుడు మంచం మీద నుండి నేరుగా లేవలేక పక్కకు దొర్లి లేచేదంటే చిన్నవారు నమ్మకపోవచ్చు, పెద్దవారికి మాత్రం నా పొట్ట జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఎందుకంటే ఆ రోజుల్లో మంచిర్యాల దగ్గరి ఈ బొగ్గుబాయి క్వార్టర్లలో నాకంటే ముందు నా పొట్టే కనబడేది!

నాలుగో కాన్పు తరువాత నా పొట్ట లోపలికి పోలేదు. మా అత్త నేతవారి ఇంటి ఆడపడుచు, బాలింతకు కట్టే నడుముకట్టును తన పుట్టింటి మగ్గం మీద నేసిన గట్టి బట్టతో ఊపిరాడనంతగా బిగించి కట్టింది, అయినా ఏం లాభం, కట్టు విప్పగానే పొట్ట వేలాడేది, దగ్గితే బొడ్డు దగ్గర జామకాయంత గడ్డ పైకి లేచేది, పడుకుంటే లోపలికి పోయేది, నల్లా దగ్గర బిందె ఎత్తితే కడుపులో ఏదో చినిగినట్టు నొప్పి. ఇక సిగ్గు సంగతి చెప్పనే అక్కరలేదు. కనబడిన ప్రతి ఆడమనిషీ "ఎన్నో నెలనే?" అని అడిగేది. ఒక ఆదివారం పాస్టరమ్మగారు సంఘమంతటి ముందు నన్ను నిలబెట్టి నా సుఖప్రసవం కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేసింది, లోపల బిడ్డే లేదు, ఆమె మనసు నొప్పించలేక నేను ఆమేన్ అన్నాను! నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతాను, ఆనాడు మాత్రం ఇంటికి పోయి దుప్పటి ముసుగేసుకొని ఏడ్చాను.

"దేవా, నాకు ఒక మంచి డాక్టరును చూపించు తండ్రీ, నా పిల్లలు తల్లి లేనివాళ్ళు కావద్దు." ఇదే నా ప్రార్థన, పొయ్యి దగ్గర కూర్చున్నా ఇదే, పిల్లలకు తలదువ్వుతున్నా ఇదే.

మా ఆయన రాజయ్య నన్ను బాయి దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు మన విశ్వాసి కాదు, మాట కూడా కరుకు. నన్ను పడుకోబెట్టి తల ఎత్తమన్నాడు, దగ్గమన్నాడు, పొట్ట నడుమ వేళ్ళు పెట్టి చూశాడు. "కడుపు గోడ నడుమకు విచ్చుకున్నదమ్మా, బొడ్డు కాడ హెర్నియా ఉన్నది. పేగు గందుట్ల ఇరికితే పానం మీదికొస్తది, కోసి కుట్టాలె. కానీ గిది నా చేతి పని కాదు. నేను జరాలు చూస్త, దెబ్బలకు కట్లు కడ్త. కోతల చదువు వేరే ఉంటది, అది చదివిన సర్జన్ దగ్గరికి పో. పోయినకాడ, కోత ఏడ నేర్చినవని అడుగు. నిజంగ నేర్చినోడైతే కోపానికి రాడు."

నాకు ఆ మనిషి మీద ఎంత కోపం వచ్చిందో! ప్రభువా, నేను డాక్టరును చూపించమంటే నాకు రాదనే డాక్టరును చూపిస్తావా అని దారి పొడుగునా గొణిగాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాగజ్‌నగర్ వైపు నుండి ఒకాయన వచ్చాడు. పేరు చెప్పను. పట్నంలో ఏదో దవాఖానలో పుండ్లకు కట్లు కట్టిన అలవాటు ఉందట, పండ్లు పీకేవాడు, సెగగడ్డలు కోసేవాడు, సూదులు వేసేవాడు, కానీ సహోదరులారా, ఆయన ప్రార్థన ఉంది చూశారూ, ఆయన నోరు తెరిస్తే బండరాయి కూడా కరిగేది, బాయిలో పైకప్పు కూలి పక్కవాడు పోయిన నాడు కూడా కన్నీరు పెట్టని మా ఆయన ఆ ప్రార్థనకు వెక్కి వెక్కి ఏడ్చాడు! అందరూ ఆయనను ప్రార్థన డాక్టరు అన్నారు. ఇంత బాగా ప్రార్థించేవాని చేయి తప్పు పోతుందా, అదీ మా లెక్క. మేకను కొనేటప్పుడు నోరు తెరిపించి పండ్లు చూస్తాము, కడుపు కోసేవాని దగ్గర మాత్రం మాట విని ఊరుకున్నాము!

ఆయన మా ఇంటికి వచ్చి నా పొట్ట చూసి, "చెల్లె, ఫికర్ చెయ్యకు. వదులు తోలు తీసేసి కుట్టేస్త, పెండ్లినాటి పొట్ట అయితది. జల్ది చేసుకోవాలె, ఆగితే పగిలిపోతది" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. శనివారం పొద్దున చేద్దామన్నారు.

మన పాత ప్రార్థన షెడ్డులో, ఇదిగో ఈ చోటనే, రెండు బెంచీలు జోడించి పైన బట్ట పరిచారు. అత్త నా నడుముకట్టు విప్పి పక్కన పెట్టింది. మిగతా ఆడవాళ్ళను బయట కూర్చోబెట్టి ఆయన చెప్పిన మాట నా చెవిన పడింది, "పాటలు ఆపకుండ పాడున్రి, లోపలి కేకలు బయటికి రావద్దు." నొప్పికి ఏదో సూది వేస్తానన్నాడు, ముందు ప్రార్థన అన్నాడు, లోపలున్న మా ఆయన, అత్త, అందరూ కండ్లు మూసుకున్నారు, నేనూ మూసుకున్నాను.

"ప్రభువా, నీ దాసుని చేయిని నీ చేయిగా మార్చుము, ఈ సహోదరి కడుపును నీ రక్తముతో కడుగుము, దీనుని హస్తమును బలపరచుము తండ్రీ..."

బయట పాట, లోపల ప్రార్థన. ఎంతకూ ముగియదు. ఒక చల్లని వేలు నా పొట్ట మీద పడింది, బొడ్డు పైన అడ్డంగా ఒక గీత గీసినట్టు పోయింది, ఆగింది, మళ్ళీ బొడ్డు కింద పోయింది, మళ్ళీ నిలువుగా వచ్చింది. చిన్ననాటి నుండి ప్రార్థనలో కండ్లు తెరవకూడదని నేర్చుకున్నదాన్ని, ఎవరు తెరిపించారో, ఆ దినం తెరిచాను!

ఆయన కండ్లు కూడా తెరిచే ఉన్నాయి.

పెదవులు ప్రార్థిస్తున్నాయి, కండ్లు నా పొట్ట మీద ఉన్నాయి, దారి తప్పినవాడు మూడు బాటల దగ్గర నిలబడి చూసే చూపు అది. నుదుటి నిండా చెమట. ఆ చెమటను ఎడమ చేత్తో తుడుచుకొని సూది ఇంకా వేయకముందే అదే చేత్తో బేసిన్‌లో ఉన్న కత్తిని తీశాడు. నా చూపు ఆయన చూపు కలిశాయి. ఆయన వెంటనే గొంతు పెంచి ప్రార్థించాడు. అయ్యో, ఈయనకు ఎక్కడ కోయాలో తెలియదు, మొదలు పెట్టడానికి భయపడి ప్రార్థనను సాగదీస్తున్నాడు అని నాకు అర్థమైపోయింది, "ప్రభువా, ఆమేన్ అనకముందే నన్ను లేపు" అని లోలోపలే కేక పెట్టాను.

నేరుగా లేవలేను కదా! పక్కకు దొర్లాను, బెంచీ మీద నుండి కింద పడ్డాను, బేసిన్ దొర్లి పెద్ద చప్పుడైంది, బయట పాట ఆగిపోయింది. పడ్డ చోటు నుండే అడిగాను, "అన్నా, కోత ఏడ నేర్చినవు?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నన్ను అడుగుతున్నవా, దేవుణ్ణి శోధిస్తున్నవా? నాకు పరిశుద్ధాత్మ నేర్పిండు! విశ్వాసం లేనిదానివి, నువ్వు బాగుపడవు."

నేను మా ఆయన వైపు చూశాను, ఆయన నేల వైపు చూశాడు, నా ప్రాణం ఆ క్షణం ఆయన నోటిలో ఉంది. ముందుగా మాట్లాడింది మా అత్త. "గట్ల కోపమెందుకయ్యా? మా ఇంట్ల మగ్గం మీద కూసునేటోన్ని గూడ ఎవరి కాడ నేర్చినవని అడుగుతం. బట్ట పాడైతే ఇంకోటి నేస్తం. నా కోడలి పానం పోతే ఇంకోటి ఏడ తెస్తవు?" అప్పుడు మా ఆయన వంగి, కింద పడి ఉన్న నడుముకట్టు తీసి దుమ్ము దులిపి తన తల్లి చేతికి ఇచ్చాడు. "కట్టవ్వా. ఇంటికి పోదాం" అన్నాడు. దేవునికే మహిమ!

అయితే అంతటితో అయిపోలేదు. సంఘంలో కొందరు నా పక్కన కూర్చోవడం మానేశారు, అవిశ్వాసం అంటుకుంటుందేమోనని! పగిలిపోతుందన్న ఆయన మాట మాత్రం నన్ను విడవలేదు, తుమ్ము వచ్చినా రెండు చేతులా పొట్ట పట్టుకొనేదాన్ని. చివరికి మా ఆయన సిగ్గు విడిచి ఆ కరుకు డాక్టరు దగ్గరికే పోయి ఎవరి దగ్గరికి పోవాలో అడిగివచ్చాడు. రైలెక్కి గోదావరి దాటి, పెద్దపల్లిలో బస్సు పట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా ప్రభువా ప్రభువా అంటూ కరీంనగర్ పెద్ద దవాఖానకు చేరాము.

అక్కడి సర్జన్ గారు తల నెరిసిన మనిషి. ఆయనను కూడా కోత ఎక్కడ నేర్చారని అడిగాను. ఆయన కోపానికి రాలేదు సహోదరులారా, కుర్చీ దగ్గరికి జరుపుకొని కూర్చున్నాడు! "అడగవలసిందే అడిగినవు తల్లీ. హైదరాబాదుల డాక్టరు చదువు చదివిన, ఆ మీద కోతల చదువు చదివిన, పెద్ద సర్జన్ పక్కన నిలబడి ఏండ్లకేండ్లు నేర్చుకున్న. ఇట్లాంటి పొట్టలు శానా కుట్టిన. ఒకామె దక్కలే, అది గూడ చెప్పాలె నీకు. ముందు లోపలి గోడ కుడ్త, తర్వాత వదులు తోలు తీస్త. అందం అన్నది కొసరు." తరువాత నా దగ్గు విన్నాడు. "ఇది బొగ్గుపొయ్యి పొగ దగ్గు. దగ్గుతుంటే కుట్లు తెగుతయి. మందిస్త, తగ్గినంక రా. గడ్డ లోపలికి పోకుండ నొప్పి వస్తే మాత్రం ఒక్క పూట గూడ ఆగకు."

మళ్ళీ అదే పొట్టతో ఇంటికి! చూడండి, ఒక డాక్టరు నాకు రాదన్నాడు, ఒక డాక్టరు ఇప్పుడే కాదన్నాడు, వెంటనే అన్నవాడొక్కడే నన్ను చంపేవాడు. నేను కోరిన డాక్టరును దేవుడు మొదటి దినమే చూపించాడని, ఆ కరుకు మనిషే నా ప్రార్థనకు జవాబని అప్పుడు తెలిసి నా నోటిని నేనే కొట్టుకున్నాను. మా ఆయన పొయ్యిని వాకిట్లోకి మార్చాడు, అత్త వంట తన చేతికి తీసుకుంది, దగ్గు తగ్గింది.

ఆపరేషను దినం నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు ఇవ్వడానికి వేరే డాక్టరు ఉన్నాడు. "అయ్యా, జర ప్రార్థన చేసుకుంట" అన్నాను. "చేసుకో తల్లీ, నేను చేతులు కడుక్కొని వస్త" అన్నాడు సర్జన్ గారు. తలుపు తెరిచే ఉంది. ఆయన సబ్బుతో, బ్రష్షుతో, గోళ్ళ సందుల నుండి మోచేతుల దాకా కడిగాడు, మళ్ళీ కడిగాడు, ఇక చాలనుకుంటే మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన కడిగినంతసేపూ నేను ప్రార్థించాను. కండ్లు మూయలేదు. ఆ చేతులనే చూస్తూ, "తండ్రీ, ఈ చేతులు నీవే" అన్నాను.

లేచేసరికి నొప్పి ఉంది, ప్రాణం ఉంది, మా ఆయన చేయి నా తల మీద ఉంది. కుట్లు మానిన తరువాత, ఈ సంగతులేవీ తెలియక పుట్టింటి నుండి అప్పుడే తిరిగివచ్చిన మన పాస్టరమ్మగారు నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, "బిడ్డ ఏడి?" అని అడిగింది. "నేనేనమ్మా" అన్నాను!

ఆ ప్రార్థన డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆ దినం మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడ్డారో ప్రభువుకే తెలుసు. ఆయన కోసం రోజూ ప్రార్థిస్తాను, అయితే బెంచీ మీద పడుకొని కాదు. నా ప్రియులారా, మీ శరీరంలో ఏ బాధ ఉన్నా ప్రభువు దగ్గరికి రండి, ఆయన వింటాడు, ఆయన పంపిన మనిషి మన సంఘంవాడు కాకపోవచ్చు, తియ్యగా మాట్లాడకపోవచ్చు, అడగండి, అడిగితే దేవునికి కోపం రాదు, చదివినవానికీ కోపం రాదు.

ఇప్పుడు అందరం ప్రార్థన చేసుకుందాము. మూసుకునేవారు కండ్లు మూసుకోండి. నేను మాత్రం తెరిచే ఉంచుతాను.