కడుపులో విషపు కార్ఖానా

ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ, బుద్ధి తక్కువ. ఇప్పుడు బుద్ధి పెరిగిందని మా ఆవిడ ఒప్పుకోదు. కోపం మాత్రం తగ్గలేదు, దాని చిరునామా మారిందంతే. సూరత్‌లో మనవాళ్ల కోసం నడిచిన ఒక చిన్న తెలుగు పత్రికలో అప్పుడు నేను కొత్త ఉప సంపాదకుణ్ణి. అచ్చయిన ప్రతి ముక్కా ఎవరో ఒకరి ప్రాణం కాపాడుతుందని నమ్మేవాణ్ణి.

కాపాడవలసిన మనిషి కూడా దగ్గర్లోనే ఉన్నాడు. మా మేనమామ అదే ఊళ్లో ఖటోదరా పేటలో సాంచెలు నడిపేవాడు (మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు). ఒక్కడే ఎనిమిది చూసుకోవాలి. పోగు తెగితే సాంచె ఆగుతుంది, సాంచె ఆగితే సేటు మొహం మాడుతుంది. అందుకని దొడ్డికి పోవాలన్నా బిగబట్టుకుని నిలబడేవాడు. పోదామన్నా నలభై మందికి ఉన్నది ఒక్కటే. ఒకరోజు చాయ్ తాగుతూ నా చెవిలో చెప్పాడు: "అల్లుడా, నాలుగు నెల్లసంది నెత్తురు పడుతుంది. మొలలే గావచ్చు. మీ అత్తకు చెప్పకు." డాక్టరు దగ్గరికి పొమ్మంటే, అప్పటిదాకా సాంచెలు నువ్వు నడిపిస్తవా అని అడిగాడు.

నా మాట వినడు గానీ అచ్చులో ఉన్నది నమ్ముతాడు. అందుకని వ్యాసం రాశాను. తెలిసిన ఒక డాక్టరు గంటసేపు ఓపికగా వివరించాడు. మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయట, చాలావరకు మంచివేనట. కొన్ని మాత్రం మనం తిన్న మాంసం నుంచో, జీర్ణానికి ఊరే పైత్యరసం నుంచో హాని చేసే పదార్థాలు తయారుచేస్తాయట. అవి ఏళ్ల తరబడి పెద్దపేగు గోడను గాయపరిస్తే క్యాన్సర్‌కు దారితీయవచ్చని శాస్త్రజ్ఞుల అనుమానమట. నాకు పూనకం వచ్చింది. 'మీ కడుపులో విషపు కార్ఖానా' అని శీర్షిక పెట్టి, నాలుగు పేరాలు ఆ కార్ఖానా వర్ణనకే ఖర్చు చేశాను. మామ కోసం రాసిన ముక్క, అంటే నెత్తురు కనిపిస్తే మొలలని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి అన్నది, చివరి పేరాలో పెట్టాను. శనివారం పేపరు చూస్తే ఆ పేరా లేదు. దాని చోట చీరల దుకాణం ప్రకటనలో ఒకావిడ నవ్వుతోంది.

ఆదివారం మామ షెడ్డువాళ్లు తినే మెస్సులో మటన్ తింటూ ఒకడు నా వ్యాసం పైకి చదివాడట. అందరూ తినడం ఆపి, సాంచెలు బాగుచేసే మేస్త్రీ వైపు చూశారట. ఆయన తీర్పు ఇప్పటికీ మావాళ్లు చెప్పుకుంటారు: "వారానికొక్కపారి సాంచెలు సాఫ్ జేసి నూనె పోస్తం. కడుపుకు ఎన్నడన్న పోసినమా?" పక్కనున్న కిరాణా కొట్లో దివేల్ సీసాలన్నీ (గుజరాతీలో ఆముదం) ఆ పూటే ఖాళీ. సోమవారం పొద్దున షెడ్డులో ఒక్క సాంచె కదల్లేదు. మనుషులంతా ఆ ఒక్క దొడ్డి ముందు వరస కట్టి, పొట్టలు పట్టుకుని నిలబడ్డారు. సేటు సమ్మె అనుకుని పరుగెత్తుకొచ్చి, మీ డిమాండ్ ఏమిటని అడిగాడు. వరసలోంచి ఎవరో నీరసంగా, "సేట్, ఔర్ ఏక్ సండాస్" అన్నారట. నెల తిరగకుండా రెండో దొడ్డి కట్టించాడు. పాత్రికేయుడిగా నా తొలి విజయం అదే.

మామ మాత్రం కడిగిన ముత్యంలా వచ్చాడు. "సాఫ్ అయింది అల్లుడా. ఇగ దవఖాన ఎందుకు?" నాకు ఒళ్లు మండింది. ఆఫీసుకు పోయి, ఆ పేరా కోసేసిన మా డెస్కు పెద్దాయన బల్ల మీద పేపరు విసిరికొట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అంత ముఖ్యమైతే చివర ఎందుకు పెట్టావు?" అన్నాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను. రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ మామకు నెత్తురు పడుతూనే ఉంది. అడిగితే తగ్గిందనేవాడు, నేను నమ్మేవాణ్ణి. నాకు పెద్దాయన మీద అలగడమే సరిపోయింది.

చివరికి మాట తప్పి అత్తకు చెప్పాను. ఆమె వ్యాసాలేమీ రాయలేదు, రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయింది. పెద్దపేగులో గడ్డ, క్యాన్సర్. జానెడు పేగు కోసి తీశారు. ఇంకొంచెం ముందే రావలసిందని డాక్టరు అంటుంటే, అత్త మామను చూడలేదు, నన్ను చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నేనే పళ్లు నూరుకుంటాను. పెద్దాయన కోసింది ఒక పేరా, అంతే. అత్తకు ఒక్క మాట చెప్పడానికి పత్రికెందుకు?

మామ బతికాడు. ఇప్పుడు సాంచెలు నడపడు, కూర్చుని బట్ట తనిఖీ చేస్తాడు. మొన్న షెడ్డుకు పోతే రెండో దొడ్డి తలుపు పక్కన నా వ్యాసం అతికించి ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి గానీ చీరలావిడ నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. జేబులోంచి పెన్ను తీసి, శీర్షిక కన్నా పైన, పెద్ద అక్షరాలతో రాశాను: నెత్తురు కనిపిస్తే ఈరోజే డాక్టరు దగ్గరికి పోండి.

వెనక నిలబడి మామ నిదానంగా చదివాడు. "మంచిగుంది. గిదే ముందుగాల రాయకపోయినవ్, అల్లుడా?"