డేవిడ్ సార్‌కు కట్టిన కార్టన్

2020 జనవరి 31, శుక్రవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. షార్జాలో ఒక విల్లా గేటు ముందు నిలబడి, ఉద్యోగంలో నిక్షేపంగా ఉన్న ఒక ఇంగ్లండు దొరను, ఆయన భార్య చూస్తుండగా, ఉద్యోగంలోంచి తీసేశాను. నేను కంపెనీ యజమానిని అనుకునేరు. కాదు. అదే కంపెనీలో సెంట్రింగ్ పనివాడిని. మా సైటుకు ముదీర్, అంటే మేనేజరు, ఆయన. ఆయన సంతకం లేనిదే నాకు కొత్త చేతితొడుగులు కూడా ఇవ్వరు.

అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. ఆ వయసుకు మనిషికి బుద్ధి వస్తుందని మీరు అనుకుంటే, ఇది చదివాక ఆ అభిప్రాయం మార్చుకోవచ్చు.

సంగతి ఏమిటంటే, నా సెలవు కాగితం ఏడాదిగా డేవిడ్ సార్ బల్ల మీద ఉంది. ఊరికి పోయి మూడేళ్లయింది. నా భార్య గంగవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు. జగిత్యాల డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు. నువ్వు వచ్చి పక్కన కూర్చుంటేనే కంటికి కత్తి ముట్టనిస్తానని ఆవిడ మొండికేసింది. అప్పటికే చక్కెర అనుకుని ఉప్పు వేసిన చాయ్ పక్కింటివాళ్లకు రెండుసార్లు తాగించింది. మంచివాళ్లు కాబట్టి తాగారు.

నేను కాగితం గురించి అడిగినప్పుడల్లా డేవిడ్ సార్ ఒకే మాట చెప్పేవాడు. లండన్ ఆఫీసు ఏదీ తేల్చడం లేదు, వాళ్ల దేశం ఆ యూరప్ సంఘంలో ఉంటుందో పోతుందో తెలిసేదాకా కొత్త సైటు సంగతి తేలదు, సైటు సంగతి తేలేదాకా సెలవులు తేలవు. ఎక్కడి లండన్, ఎక్కడి గంగవ్వ కళ్లు. కానీ రెంటికీ ముడి పడింది.

దాంతో నాకు ఆ వార్తల పిచ్చి పట్టుకుంది. యాభై దాటాక పనివాళ్ల క్యాంపులో, ఊరి నుంచి వచ్చే పచ్చళ్ల పార్సిళ్లకు చుట్టిన పేపర్ల మీద అక్షరాలు దిద్దుకున్నవాడిని. కొత్తగా సైకిల్ నేర్చినవాడు పక్క వీధికి కూడా సైకిల్ మీదే పోయినట్టు, కనబడిందల్లా పైకి చదివేవాడిని. ఆ దేశం పోతుందని మార్చి అన్నారు, ఏప్రిల్ అన్నారు, అక్టోబరు అన్నారు. ఒకరోజు పోతామంటారు, మర్నాడు ఉంటామంటారు. మా రూములో ఎవరికీ కాలు నిలిచేది కాదు. నాకైతే అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుండేది. సైటులో మేకు కొడుతూ కూడా, ఇవాళ పోయారా లేదా అని పక్కవాడిని అడిగేవాడిని. వాడు నేపాలీ. ఎవరు పోవాలో తెలియక తలూపేవాడు.

ఆ శుక్రవారం పొద్దున ఏడు గంటలకు ఫోన్‌లో తెలుగు వార్త కనిపించింది. ఈ రాత్రి పదకొండు గంటలకు ఆ దేశం సంఘం నుంచి పోతోంది, ఇక ఖాయం. వాళ్ల పదకొండంటే మనకు తెల్లవారుజామున మూడు. అంటే నా చేతిలో ఇరవై గంటలు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది, వాళ్ల పాస్‌పోర్టుల రంగు కూడా మారుతుందని. డేవిడ్ సార్ పని అయిపోయిందనుకున్నాను.

ఇప్పుడు మీరు నవ్వకండి. దుబాయ్‌లో ముప్పై ఏళ్లు బతికిన మనిషి బుర్రతో ఆలోచించండి. కంపెనీ విడిచినవాడి వీసా రద్దవుతుంది. నెల రోజుల్లో దేశం విడవాలి. ఒక మనిషి కంపెనీ విడిస్తేనే ఇంత ఉంటే, దేశానికి దేశమే సంఘం విడిస్తే ఆ దేశపు మనుషుల గతేమిటి? పైగా వీసా ఉండేది పాస్‌పోర్టు మీద. పాస్‌పోర్టే మారిపోతే ఖలాస్. డేవిడ్ సార్ పోతాడు. కొత్త ముదీర్ వస్తాడు. నా కాగితం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గంగవ్వ చాయ్‌లో ఉప్పు వేస్తూనే ఉంటుంది.

అది చాలదన్నట్టు, గురువారం సాయంత్రం డేవిడ్ సార్ సైటు ఆఫీసు నుంచి ఖాళీ అట్టపెట్టెలు కారులో ఎక్కించుకోవడం కంపెనీ డ్రైవరు సాయన్న చూశాడు. సామాను సర్దుకోకపోతే మనిషికి అట్టపెట్టెలతో ఏం పని?

రూములో అడ్డం చెప్పింది పోశెట్టి ఒక్కడే. వాడు మా వంటమనిషి. ఉల్లిగడ్డలు కోస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"లింగన్నా, మా బాపు మా కులసంఘంల నుంచి బయటికొచ్చి ఇరవై ఏండ్లాయె. ఊర్లెనే ఉన్నడు. గదే ఇల్లు, గదే బర్రె. సంఘం ఇడిస్తె ఊరిడుస్తరా?"

"నీ బాపుకు పాస్‌పోర్టున్నదా?" అన్నాను.

"లేదు."

"మరి? నువ్వు కూర సూసుకో."

ఆ మాట దగ్గర ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆగలేదు.

మా దగ్గర ఒక మర్యాద ఉంది. దుబాయ్ ఖాళీ చేసి పోయేవాడిని వట్టి చేతులతో పంపం. రూము రూమంతా కలిసి కార్టన్ కడతాం. సబ్బులు, పాలపొడి, నొప్పులకు రాసుకునే బామ్, టార్చిలైటు, అన్నిటికీ కింద పరుపులాంటి చైనా దుప్పటి. నైలాన్ తాడుతో నిలువుగా మూడు, అడ్డంగా నాలుగు చుట్లు. నాలుగు పక్కలా పేరూ ఊరూ. ఈ కట్టడంలో మా క్యాంపులో నన్ను మించినవాడు లేడు. నేను కట్టిన కార్టన్ విమానంలోంచి కింద పడ్డా విమానానికే దెబ్బ తగులుతుంది.

డేవిడ్ సార్‌కు కార్టన్ కడదాం, అది ఇచ్చే చేత్తోనే కాగితం మీద సంతకం పెట్టించుకుందాం అన్నాను. మర్యాదకు మర్యాద, పనికి పని.

"ఆయిన దేశంల సబ్బులు దొర్కయా?" అన్నాడు పోశెట్టి.

"దొర్కుతయో దొర్కయో. ఇన్నేండ్లు దుబాయ్‌ల ఉండి వట్టిగ పోతె, ఇంట్లోల్లు ఏం దెచ్చినవని అడ్గరా?"

ఈ మాటకు పోశెట్టి కూడా లేచి తన సబ్బులు తెచ్చి ముందు పెట్టాడు. సబ్బులు తలా రెండు పోగయ్యాయి. దుప్పటి మాత్రం ఎవరి దగ్గరా లేదు. నా మంచం కింద ఉంది. రోలా బజారులో మూడు శుక్రవారాలు తిరిగి గంగవ్వ కోసం కొన్నది, ఎర్ర గులాబీలది. చలిదేశానికి పోయే మనిషి అని నా మనసును నేనే ఒప్పించి, దాన్ని మడిచి లోపల పెట్టాను. తాడు బిగించాను. మార్కరు పెన్నుతో నాలుగు పక్కలా రాశాను. డేవిడ్ సార్. దేశం ఇంగ్లండు. పోస్టు లండన్. మండలం దగ్గర ఆగి, తెలియక ఖాళీ వదిలాను. తెలుగులో రాస్తే అక్కడ ఎవరు చదువుతారని సాయన్న అడిగాడు. నాకు వచ్చింది అదొక్కటే, చదువుకోవడం వాళ్ల బాధ అన్నాను.

కంపెనీ పికప్‌లో ముగ్గురం బయలుదేరాం. పోశెట్టి కూర పొయ్యి మీంచి దించి మరీ వచ్చాడు, నేను ఎలా బోల్తాపడతానో చూడాలని. ఆ మాట వాడే తరవాత ఒప్పుకున్నాడు. దారిలో నేను సీటు మీద నిలకడగా కూర్చోలేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా టైము చూసుకున్నాను. పదహారు గంటలే ఉన్నాయి.

డేవిడ్ సార్ నిక్కరు వేసుకుని, చేతిలో కాఫీ కప్పుతో గేటు దగ్గరికి వచ్చాడు. పాతికేళ్లుగా ఇక్కడున్న మనిషి, మా సైటు హిందీ మాట్లాడతాడు.

"ఆజ్ జుమ్మా హై, లింగా. క్యా హువా?" సెలవు రోజు, శుక్రవారం, ఏమైందని అడిగాడు.

ఆ మాట నా నోటితో చెప్పడం ఇష్టం లేకపోయింది. నిజంగానే ఆయన మంచివాడు. సాయన్నను చెప్పమన్నాను, వాడికి ఇంగ్లీషు వచ్చని పేరు. వాడు చేతులు కట్టుకుని మూడే ముక్కలు చెప్పాడు.

"సార్, యూ ఫినిష్. యూ గో. వీ సారీ."

డేవిడ్ సార్ కార్టన్ చూశాడు, తాడు చూశాడు, మా ముగ్గురి ఏడుపు ముఖాలు చూశాడు. ఎవరి ఉద్యోగం పోయినా ఆఫీసు కంటే ముందు క్యాంపుకే తెలుస్తుందన్నది కంపెనీలో అందరికీ తెలిసిన నిజం. మేడం వచ్చి మెట్ల మీద కూలబడింది. ఆయన ఫోను తీసి పెద్ద ముదీర్‌కు కలిపాడు. ఎత్తలేదు. మళ్లీ కలిపాడు. మూడోసారి కలిపాడు. శుక్రవారం నమాజు వేళ దగ్గర పడుతోంది, ఎందుకు ఎత్తుతాడు? డేవిడ్ సార్ వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడం మొదలుపెట్టాడు. ఆయన వెనకే కాగితం, పెన్ను పట్టుకుని నేనూ తిరిగాను. మూడు చక్కర్లయ్యాక, పోయే ముందు ఇక్కడొక సంతకం అన్నాను.

ఆయన ఆగి నావైపు చూశాడు. నన్ను తీసేసి ఉంటే నా సంతకం ఇక చెల్లదు లింగా అన్నాడు.

చూశారా? కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్నాను. ఇప్పుడు నా కాగితం బతకాలంటే, ఆయన ఉద్యోగం పోలేదని నేనే నిరూపించాలి. పోయిందని చెప్పిందీ నేనే. వెనక్కి తిరిగి పోశెట్టిని చూశాను. వాడు ఆకాశం వైపు చూస్తున్నాడు, దుర్మార్గుడు.

గతిలేక పోశెట్టి మాటే ఎత్తుకున్నాను. "సార్, సంఘ్ ఛోడా తో గావ్ నహీ ఛోడ్తా. ఇస్‌కా బాప్ ఛోడా. భైంస్ భీ హై, ఘర్ భీ హై."

సంఘం విడిచినా ఊరు విడవరని, వీడి తండ్రి ఇంటితో బర్రెతో సహా అక్కడే ఉన్నాడని విని డేవిడ్ సార్ ఇంకా బెదిరాడు. ఏ బర్రె అని అడిగాడు. అప్పుడు ఫోన్ తీసి వార్త చూపించాను. తెలుగు ఆయనకు రాదు, కానీ పైన వాళ్ల జెండా బొమ్మ ఉంది. జెండా చూశాడు, కార్టన్ చూశాడు, నన్ను చూశాడు. మెట్ల మీద మేడం పక్కన కూర్చుని, కప్పు కింద పెట్టి, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాడు. మూడున్నరేళ్లుగా మా దేశం పోతే నాకేమవుతుందో ఎవరూ చెప్పలేదు, చెప్పింది మీరొక్కరే, అదీ తప్పు చెప్పారు అన్నాడు.

మరి అట్టపెట్టెలు అని అడిగాను. లోపలికి పిలిచి చూపించాడు. పిల్లి ఈనింది. మూడు పిల్లలు.

సరిగ్గా అప్పుడే పెద్ద ముదీర్ తిరిగి ఫోన్ చేశాడు. జుమ్మా రోజున మూడుసార్లు ఎందుకు చేశావని అడుగుతున్నాడు. నా ఉద్యోగం పోయిందేమోనని చేశాను అని ఏ మనిషైనా ఎలా చెబుతాడు? డేవిడ్ సార్ కళ్లు అటూ ఇటూ తిరిగి నా చేతిలోని కాగితం మీద ఆగాయి. ఒక పనివాడి సెలవు గురించి అన్నాడు. అవతలి గొంతు నాకు కూడా వినిపించింది. సెలవుకు కూడా నన్ను అడగాలా, పెట్టు సంతకం, యల్లా, త్వరగా కానీ అని ఫోన్ పెట్టేశాడు.

ఆ కార్టన్ మీదే కాగితం పెట్టి డేవిడ్ సార్ సంతకం చేశాడు. ఏడాదిగా లండన్ తేల్చలేనిది పిల్లి తేల్చింది.

కార్టన్ వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. అయితే మేడం అప్పటికే తాడు విప్పేసింది, నేను కట్టిన తాడు విప్పిన మనిషిని నా జన్మలో ఆవిడనొక్కదాన్నే చూశాను. ఎర్ర గులాబీల దుప్పటి బయటికి లాగి, పిల్లిపిల్లల కోసమే తెచ్చామనుకుని కళ్లు తుడుచుకుంది. ఇవ్వమని ఎలా అడగను? మిగతా సామానుతో పెట్టె మాత్రం వెనక్కి తెచ్చుకున్నాను.

ఫిబ్రవరి రెండో వారంలో ఊరు చేరాను. గంగవ్వకు ఒక కంటి ఆపరేషన్ అయింది, పక్కనే కూర్చున్నాను. కట్టు విప్పి ఇంటికి వచ్చిన రోజు, మా మనవరాలు మూల ఉన్న కార్టన్ మీది రాత కూడబలుక్కుని చదివింది. కొత్తది కొనడం ఎందుకని ఆ పెట్టెలోనే సామాను తెచ్చాను.

"తాతా, డేవిడ్ సార్ అని ఉన్నది. ఎవలి డబ్బ ఎత్కొచ్చినవ్?"

గంగవ్వ కొత్త కన్నుతో కార్టన్‌ను చూసింది, నన్ను చూసింది. "సంతకం దెస్తనని పోయి దొర మూటనే ఎత్కొచ్చినవా? మరి నా దుప్పటేది?"

"పిల్లి పండుకున్నది దాని మీద," అన్నాను.

డాక్టరు ఆ కంటికి నీళ్లు తగలనివ్వొద్దన్నాడు. నవ్వి నవ్వి తగిలించుకుంది.

అందుచేత ఇందుమూలంగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట భూమ్మీద ఏ దేశం ఏ సంఘంలోంచి పోయినా, వచ్చినా, గుమ్మంలో ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టి నిలబడినా, నేను వార్త చదివి ఊరుకుంటాను. తాడు ముట్టను, మార్కరు మూత తీయను. ఈ ఒట్టుకు ఆ రోజు అక్కడున్నవాళ్లే సాక్షులు: కూర పొయ్యి మీంచి దించి వచ్చిన పోశెట్టి, మూడు ముక్కల ఇంగ్లీషు సాయన్న, తాడు విప్పిన మేడం, ఫోన్‌లో ఉన్నాడు కాబట్టి సగం సాక్షి పెద్ద ముదీర్, గంగవ్వ దుప్పటి మీద పడుకున్న పిల్లి, దాని ముగ్గురు పిల్లలు, నేను రాజలింగాన్ని, ఇంకా ఎక్కడికీ పోని డేవిడ్ సార్.