మా వదిన వెతికిన ముప్పై ఒక్క ఇళ్లు

మా వదినకు దిక్కులు చూడటమే తప్ప దిక్కులు తెలియవని మా అన్నయ్య నలుగురిలోనూ అనేవాడు. అది ఎగతాళే గాని అబద్ధం కాదు. ఏ దుకాణంలోంచి బయటికి వచ్చినా, ముందుకు పోతున్నాననుకుని వచ్చిన దారినే మళ్లీ పట్టేది. పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఆమెకు ధైర్యంగా తెలిసిన దారి ఒక్కటే, ఇంటి నుంచి తను పనిచేసే బడికి. ఒకసారి గొట్టాల కోసం ఆ వీధి తవ్వేస్తే పక్క సందులోంచి బయల్దేరి, పదిన్నరకు బడి వెనక గేటు దగ్గర తేలింది. అక్కడి కాపలాదారు ఆమెను ఎవరో పిల్లల తల్లి అనుకుని పుస్తకంలో సంతకం పెట్టించుకున్నాడట.

బడిలో ఆమె వ్యాకరణం చెప్పేది. సంధులు విడదీయడంలో ఆమెకు సాటి లేదు. సందుల్లోకి వెళ్తేనే కష్టం.

ఒక ఏడాది మధ్యలో భూగోళం మాస్టారికి బదిలీ అయింది. హెడ్‌మిస్ట్రెస్‌ వదినను పిలిచి ఏడో తరగతి భూగోళం అప్పగించింది.

"పుస్తకంలో ఉన్నదే కదమ్మా చెప్పడం. కొత్తాయన వచ్చేదాకా సర్దుకో."

వదిన నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. కాదనలేక తలూపి వచ్చేసింది. ఆ సాయంత్రం అన్నయ్య తన మందుల షాపు మూసి వచ్చేసరికి ఆమె అట్లాసు ముందేసుకుని కూర్చుని ఉంది. సంగతి విని ఆయన చొక్కా విప్పడం కూడా మరిచిపోయి నవ్వాడు.

"పిల్లల్ని ఉత్తర ధ్రువానికి తీసుకెళ్లబోయి మన వంటింట్లోకి తీసుకొస్తావేమో. ముందే చెప్పు, నలుగురికి ఎక్కువ వండుదాం."

"మీరు నవ్వండి. ఆ పిల్లలు నవ్వకుండా ఉంటే చాలు," అంది వదిన.

కొండలు, నదులు, గాలులు బాగానే గడిచాయి. అవన్నీ పుస్తకంలో ఉన్నచోటే ఉంటాయి. చిక్కంతా పటాల పాఠం చివర ఇచ్చిన ఇంటిపనితో వచ్చింది: మీ బడి నుంచి మీ ఇంటికి దారి చూపే పటం గీయండి. ముప్పై ఒక్క మంది ముప్పై ఒక్క పటాలు తెచ్చిచ్చారు. నేను మా ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడతాను. బట్ట కత్తిరించే నా బల్ల మీద వదిన వాటన్నిటినీ పరిచి, ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"అన్నీ ఒప్పుల్లాగే ఉన్నాయే. ఏది తప్పో నాకెలా తెలుస్తుంది?"

నా బల్ల ఖాళీ అయితే చాలని, "పటం పట్టుకుని వెళ్లి చూస్తే తెలుస్తుంది," అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపుకే నాకు అర్థమైంది, నా నోరే నాకు శత్రువని. మర్నాడు తరగతిలో చెప్పేసింది: పటం చూసుకుంటూ తను ఎవరింటికి చేరగలిగితే వాళ్లకు పదికి పది. తోడు నేను వెళ్లాలి. షరతు ఏమిటంటే, నాకు దారి తెలిసినా నోరు విప్పకూడదు.

మొదట ఫస్టు ర్యాంకు పిల్ల పటం తీసింది. ఐదు రంగులు, అంచున పూలు, చూడముచ్చటగా ఉంది. అందులో లేనివల్లా దారిలోని రెండు మలుపులు. చివరికి బ్యాటరీలు బాగుచేసే షెడ్డులో తేలాం. మెకానిక్కు చేతులు తుడుచుకుని, కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"మా షెడ్డు బాగా వేశారమ్మా. కానీ దీని పక్కన పూలతోట ఎప్పుడూ లేదు."

రెండో పటంలో, లారీ దగ్గర ఎడమకు తిరగాలని ఉంది. ఆ మూలకు వెళ్తే లారీ లేదు. చెప్పులు కుట్టేవాడు తలెత్తకుండానే చెప్పాడు.

"అది లోడుకు పోయింది. రేపో ఎల్లుండో వస్తుంది."

"అప్పటిదాకా ఇక్కడే ఉందామా వదినా?" అన్నాను. దారి చెప్పకూడదంది గాని ఈ మాట అనకూడదనలేదు. ఆమె ఇంటిదాకా నా వెనకే నడిచింది.

మర్నాడు తరగతిలో జరిగింది ఆమె చెప్పగా విన్నదే. బల్ల దగ్గరికి వెళ్లీ వెళ్లకముందే ఫస్టు ర్యాంకు పిల్ల లేచి నిలబడిందట.

"టీచర్, రాలేదేం? మా అమ్మ టీ పెట్టి ఎదురుచూసింది."

పని పడిందనో తలనొప్పనో చెప్పొచ్చు. వదిన చెప్పలేదు.

"తప్పిపోయాను. నాకు దిక్కులు తెలియవు. చిన్నప్పటి నుంచీ అంతే."

తరగతి గొల్లుమంటుందనుకుందట. ఎవరూ నవ్వలేదు. లారీ పటం కుర్రాడు మాత్రం, డాక్టరు రోగిని అడిగినట్టు నెమ్మదిగా అడిగాడు.

"కుడీ ఎడమా తెలుసా టీచర్?"

"కాసేపు ఆలోచిస్తే తెలుసు."

"అయితే మేం మీకు అర్థమయ్యేలా గీయాలి," అని తన పటం తనకిచ్చేయమన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ వెనక్కి తీసేసుకున్నారు.

వారం తర్వాత వచ్చిన పటాల్లో పూలు లేవు, లారీలూ లేవు. వాటిలో చిట్టెలుక అని అందరూ పిలిచే పిల్ల పటం ఉంది. తరగతిలో అందరికంటే పొట్టి. పెన్సిలు మరకలతో కాగితం మాసిపోయింది గాని, రాసింది చూడండి: గేటు నుంచి నూట నలభై అడుగులు. కుడివైపు ఇస్త్రీ బల్ల. మధ్యాహ్నం తర్వాత బల్ల ఉండదు, నేల మీద బొగ్గు మసి ఉంటుంది. అక్కణ్నుంచి తొంభై అడుగులు, నీలం తలుపు.

నూట నలభై అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లాం. మసి కనపడలేదు. అయినా పటం మీద నమ్మకంతో మరో తొంభై నడిస్తే నిజంగానే నీలం తలుపు. కొట్టగానే బనీనులో ఒక ముసలాయన వచ్చాడు.

"మీ అమ్మాయి ఏడో తరగతేనాండీ?" అంది వదిన.

"మా అమ్మాయి రిటైరై రెండేళ్లయిందమ్మా," అన్నాడాయన, పాపం మర్యాదగానే.

వదిన ఆయన మెట్ల మీదే కూలబడింది. తన కాళ్ల వంక చూసుకుంది. చూసి చూసి ఒక్కసారిగా లేచింది.

"ఆ పిల్ల అడుగెంత, నా అడుగెంత! మనం దాటి వచ్చేశాం."

గేటు దాకా వెనక్కి వెళ్లి మళ్లీ నడిచాం, ఈసారి చిట్టెలుకలా చిన్న చిన్న అడుగులేస్తూ. వీధిలో వాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. మసి దొరికింది, నీలం తలుపూ దొరికింది. తలుపు తీసిన చిట్టెలుక లోపలికి పరిగెత్తి, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "నిజంగానే వచ్చారు నాన్నా," అని మాత్రం అంది.

మర్నాడు నా కొలతల టేపు బడికి వెళ్లింది. వరండాలో ముప్పై ఒక్క మందీ, వదినా సుద్దముక్కలతో గీతలు గీసి అడుగులు కొలుచుకున్నారు. ఎవరి అడుగు ఎన్ని సెంటీమీటర్లో గోడ మీద కాగితం అంటించారు. వంద మీటర్లను పటం మీద ఎంత గీయాలో తేల్చుకున్నారు. టేపు నాకు బురదతో తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆవరణలో కర్ర పాతి, మధ్యాహ్నం దాటేదాకా దాని నీడ కొన దగ్గర రాళ్లు పెట్టారు. అన్నిటికంటే పొట్టి నీడ మీదుగా గీత గీస్తే అదే ఉత్తర దక్షిణాల గీత. వదిన ఆ గీత మీద నిలబడి చేతులు చాచింది.

"మా ఇల్లు ఎటు?"

"పడమర టీచర్," అన్నారు పిల్లలు.

"అంటే పొద్దున తూర్పుకు వస్తున్నాను, సాయంత్రం పడమరకు పోతున్నాను. అందుకా రెండుపూటలా కళ్లల్లో ఎండ కొట్టేది."

పద్నాలుగేళ్లుగా ఎండకు కళ్లు చికిలించుకుని నడిచిన మనిషి, ఆ రోజు ఇంటికొచ్చి ఈ సంగతి మాకు మూడుసార్లు చెప్పింది.

టర్ము ముగిసేసరికి ముప్పై ఇళ్లు చేరింది. మొదటిసారి చేరనివాటికి రెండోసారి, రెండోసారీ చేరకపోతే మూడోసారి. కొత్త భూగోళం మాస్టారు వస్తున్నారని, ఇక వ్యాకరణానికి వెళ్లిపోవచ్చని హెడ్‌మిస్ట్రెస్‌ చెప్పింది.

"రానివ్వండి మేడమ్. ఆయనకు ఎనిమిదీ తొమ్మిదీ ఇవ్వండి. ఏడు నాకే ఉంచండి."

"సర్దుకోమంటే ఆక్రమించేశావేంటమ్మా," అందట ఆవిడ. కానీ ఉంచింది.

మిగిలిన ఒక్క ఇల్లు రైలు పట్టాలకు అవతల. నేను చెప్పులు వేసుకోబోతే వద్దంది. ఒక్కర్తే వెళ్లింది. ఐదు దాటింది, ఐదున్నరైంది. వెతకడానికి వెళ్దామా అని నేను మిషను ఆపేసరికి గేటు చప్పుడైంది. లోపలికొచ్చి మంచినీళ్లు తాగి, పటం మీద పదికి పది వేసింది.

కాసేపటికి అన్నయ్య వచ్చాడు. "ఇల్లు దొరికిందా?" అన్నాడు.

"దొరికింది. వచ్చేటప్పుడు వేరే దారిలో వచ్చాను, ఆ వీధి ఎటు పోతుందో చూద్దామని."

"ఎటు పోతుంది?"

"మీ షాపు వెనక్కి. స్టూలు మీద కూర్చుని కునుకు తీస్తున్నారు. లేపడమెందుకని వచ్చేశాను."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను గబగబా ఒక గుండీ తీసుకుని కుట్టడంలో పడిపోయాను.