నాలుగో కిటికీలో ఖాళీ సీసా

మా ఆసుపత్రి మందుల విభాగంలో మూడో కిటికీ నాది, నాలుగోది మేమంతా చుక్కలక్క అని పిలిచే అక్కది. డాక్టరు చీటీ ఉన్నవాళ్లకు గంజాయి నూనె ఇచ్చేది అక్కడే. దాన్ని మందుగా ఒప్పుకుంటూ చట్టం మారిన కొత్తలో రోజుకు నలుగురు వస్తే గొప్ప. ఇప్పుడు వరస మెట్ల దాకా ఉంటుంది. క్యాన్సర్ నొప్పులవాళ్లు, మూర్ఛ వచ్చే పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, నరాల జబ్బులవాళ్లు. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు కావడమంటే ఇదే.

మొదటిసారి వచ్చినవాళ్లు మందు పేరు, జబ్బు పేరు తమ నోటితో చెప్పాలి. ఒకరి సీసా ఇంకొకరికి పోకుండా అక్క పెట్టిన పద్ధతి అది. చాలామంది సిగ్గుతో గొణుగుతారు. అక్క విసుక్కోదు, చెవి వంచి వింటుంది.

చట్టం మారకముందు అక్క భర్తకు ఎముకల్లో క్యాన్సర్. ఎవరినో బతిమాలి తెచ్చిన నూనె మూడు చుక్కలు నాలుక కింద వేస్తే కాస్త కునుకు తీసేవాడు. ఎవరో ఉప్పందించారు, ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అక్క అతని కాళ్లమీద పడింది.

"మొగుడికి మత్తు మప్పుతున్నావా?" అంటూ సీసాను వంటింటి సింకులో ఒంపేశాడు.

అక్క భర్త పదకొండు రోజులు నొప్పితో అరిచి అరిచి పోయాడు. ఆ ఖాళీ సీసా ఇప్పటికీ ఈ కిటికీ దగ్గర అక్క సొరుగులోనే ఉంది. క్షమించెయ్యమని నీతులు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ అరుపులు విన్నది వాళ్లు కాదు.

మొన్న ఆ ఇన్‌స్పెక్టరే వచ్చాడు. రిటైరయ్యాడు, వెన్నులో క్యాన్సర్, నడుం వంగిపోయింది. చీటీ లోపలికి తోసి, తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు.

"ఆ నూనె, అమ్మా..."

"ఏ నూనె సార్? వినపడట్లేదు. పేరు చెప్పండి."

మూడుసార్లు చెప్పించింది. మూడోసారి "గంజాయి నూనె!" అని అరిచాడు. వరసంతా అటే చూసింది. నా కడుపు చల్లబడింది.

అక్క ఖాళీ సీసా తీసి అతని ముందు పెట్టింది. "మా వంటింట్లో దీన్ని మీరే ఒంపేశారు. గుర్తుందా?"

"ఎన్ని ఇళ్లకు వెళ్లానో, ఏం గుర్తుంటుందమ్మా? నొప్పి తట్టుకోలేకపోతున్నాను. త్వరగా ఇవ్వు తల్లీ."

అక్క మొహం పాలిపోయింది. ఇన్నేళ్లు ఆమె కడుపులో దాచుకున్న పగ వాడికి జ్ఞాపకం కూడా కాదు. ఇవ్వకూడదనే కోరుకున్నాను, దాచడమెందుకు?

ఇచ్చింది. ఎన్ని చుక్కలో రెండుసార్లు చెప్పి మరీ నిండు సీసా చేతిలో పెట్టింది.

వాడు వెళ్లాక అడిగాను. "ఎందుకిచ్చావక్కా?"

"చస్తే మళ్లీ ఎలా వస్తాడే? నెలనెలా ఈ కిటికీకే రావాలి. వాడికి గుర్తొచ్చేదాకా ఈ సీసా చూపిస్తూనే ఉంటాను."