పదకొండేళ్ళ ఆదివారాలు

దర్జీ దుకాణంలో ఆమె కొత్త బట్టలు కుట్టదు, ఉన్నవాటిని సరిచేస్తుంది. బిగుతైనవి వదులు చేస్తుంది, పొడవైనవి మడిచి కుడుతుంది, జిప్పులు మారుస్తుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. భర్త నీటి పంపుల స్టేషన్లో ఆపరేటరు. పగలంతా మోటార్ల హోరులో గడిపి వచ్చినందుకో ఏమో, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. సాయంత్రం ఆమె వంట చేస్తూ దుకాణానికి ఎవరొచ్చారో, ఏమన్నారో ఏకరువు పెట్టేది. అతను బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తూ ఊ కొట్టేవాడు.

"వింటున్నారా? గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం!"

"ఊఁ."

నెలకో ఆదివారం అతను నడక బృందంతో కలిసి పొలాల వెంట, కొండల వెంట రోజంతా నడిచి వచ్చేవాడు. ముందురోజు సాయంత్రం "వస్తావా?" అని అడిగేవాడు. "నాకు పనుంది, మీరెళ్ళండి" అనేది ఆమె. నిజంగానే పనుండేది. పదకొండేళ్ళపాటు అతను అడగడం మానలేదు, ఆమె ఒక్కసారీ వెళ్ళలేదు. ఒక చలికాలపు ఉదయం డ్యూటీలోనే అతని గుండె ఆగిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత బృందాన్ని నడిపించే మాస్టారు ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి దుకాణానికి వచ్చారు. "ఈ ఆదివారం పెద్ద నడకమ్మా, ఇరవై కిలోమీటర్లు. మీరొస్తే మాకు సంతోషం" అన్నారు. ఆమె నోటికి అలవాటైన జవాబే వచ్చింది. ఆయన గుమ్మం దాటాక ఏమనుకుందో, వెనకే వెళ్ళి, "ఎన్నింటికి రావాలండీ?" అని అడిగింది.

ఆరింటికి బస్సు దిగి పన్నెండు మంది కాలవగట్టు మీద నడక మొదలుపెట్టారు. మంచుకు గడ్డి తడిసి ఉంది. ఒక గంట ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మొక్కజొన్న చేల మధ్య దారి సన్నబడ్డాక, ముందు నడుస్తున్న ఒకామె, ఆస్పత్రిలో నర్సు, నిట్టూర్చింది. "రేడియో లేకపోతే దారి సాగట్లేదు మాస్టారూ."

"రేడియో ఎవరండీ?" అడిగింది ఆమె.

నర్సు తడబడి నాలుక కరుచుకుంది. "అన్నయ్యే వదినా. మీ ఆయన. పొద్దున బస్సెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా నోరు మూతపడేది కాదు. మేం నవ్వలేక చచ్చేవాళ్ళం."

ఆమె నడక వేగం పెంచి అందరినీ దాటి వెళ్ళిపోయింది. తనకి ముప్పై ఏళ్ళూ ఊఁలు, వీళ్ళకేమో కబుర్లు! పోయిన మనిషి మీద అంత కోపం రాగలదని ఆమెకు తెలియదు. కొండ ఎక్కేటప్పుడూ ఎవరి కోసమూ ఆగలేదు.

పైన రాళ్ళ దగ్గర భోజనాలకు ఆగారు. నర్సు మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"వదినా, ఏమీ అనుకోకపోతే ఒకటి అడగనా? ఆ తోడికోడళ్ళ కోటు చివరికి ఏమైంది?"

ఆమె నర్సు వైపు తిరిగింది. "అది మీకెలా తెలుసు?"

"అన్నయ్యే చెప్పాడుగా! అత్తగారి కోటు పెద్దావిడ తెచ్చి కురచ చెయ్యమందట, మర్నాడు చిన్నావిడొచ్చి కత్తెర పెడితే ఊరుకోనందట. అక్కడ ఆపేసి, మిగతాది వచ్చే నెల అన్నాడు. ఆ వచ్చే నెల..."

మాస్టారు కూడా దగ్గరికి జరిగారు. "పిల్లి బొచ్చు అంటుకున్న పెళ్ళి సూటు, ఏటా నడుం పెంచుకునే బ్యాంకాయన, అన్నీ మాకు తెలుసమ్మా. మీ దుకాణం తలుపు తీయకుండానే లోపలంతా చూసేశాం."

అవన్నీ ఆమె మాటలే. పొయ్యి దగ్గర నిలబడి, వినే దిక్కులేదనుకుంటూ చెప్పిన మాటలు. ఒక్కటీ పోనివ్వకుండా నెలంతా దాచి ఇక్కడికి మోసుకొచ్చాడు.

ఆమె రొట్టె పక్కన పెట్టి చెప్పసాగింది. "ఇద్దరూ ఒకేరోజు వచ్చారు. చెరో మూలా మూతి ముడుచుకుని కూర్చున్నారు. సరే కదా అని ఇద్దరికీ తొడిగి చూశా. పెద్దావిడకి గుండీ పట్టలేదు, చిన్నావిడకి చెయ్యే దూరలేదు! తోడొచ్చిన చిన్నావిడ కూతురికి మాత్రం కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది. అది జరిగింది అతను పోయాక మూడో వారంలో. ఇంత మంచి ముగింపు అతను వినలేదు.

"మీ అన్నయ్య ఎలా చెప్పేవారు?" అని అడిగింది నర్సుని.

"గొంతు మార్చేవాడు వదినా. పెద్దావిడకి ఒక గొంతు, చిన్నావిడకి ఒకటి. చేతులు తిప్పుతూ, వెనక్కి తిరిగి నడుస్తూ. ఒకసారి అలాగే కాలవలో పడ్డాడు కూడా."

అతను పెట్టిన ఆ గొంతులు ఎలా ఉండేవో ఊహించుకోవాలని చూసింది. చేతకాలేదు. ఆ ఊఁ తప్ప ఆమె చెవిలో ఇంకేమీ లేదు. ఏ ఒక్క ఆదివారమైనా కత్తెర పక్కన పెట్టి, వచ్చి, నాలుగడుగులు వెనకగా నడిచి ఉంటే చాలు కదా.

దిగేటప్పుడు ఆమె కావాలనే వరస చివర నడిచింది. ముందువాళ్ళ మాటలు గాలికి తెగి తెగి వస్తున్నాయి. ఎవరు ఏమంటున్నారో తెలియడం లేదు, నవ్వులు మాత్రం వినిపిస్తున్నాయి. అతను చెబుతున్నప్పుడు వెనక నడిచి ఉంటే ఇలాగే వినిపించేదేమో. నర్సు రెండుసార్లు వెనక్కి తిరిగి, "రా వదినా, కలిసి నడుద్దాం" అని పిలిచింది.

"మీరు మాట్లాడుతూ ఉండండి, వస్తున్నా" అంది ఆమె. బస్సు కనపడేదాకా ఆ దూరం అలాగే ఉంచుకుంది.