మా ఆయన గొంతు కోసం కొన్న స్పీకర్లు

మా ఇంట్లోకి స్టీరియో సెట్టు ఎందుకొచ్చిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. పాటల కోసమనుకున్నారు. మొగుడు పోయినదానికి పాటలు కావాల్సొచ్చాయా అని బావి దగ్గర ఒకామె నా మొహానే అంది. "అవునే, నీ మొగుడి గురక నీకుంది. నాకేముంది వినడానికి?" అన్నాను. మళ్ళీ నా జోలికి రాలేదు. నా నోరు అలాంటిది. గొంతూ అంతే, చిన్నప్పటినుంచీ కల్లాల్లో మిరపకాయలు ఏరి ఏరి గరగరలాడే గొంతు. చదువంటారా, సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను. అందుకే నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

మాది దర్శి దగ్గర పల్లె. మా ఆయన తిరునాళ్ళలో బండలాగుడు పందేలకు ఎడ్లు తోలేవాడు. ఎడ్లు మావి కావు, పెద్ద ఆసాములవి. కర్ర ఎత్తకుండా ఒట్టి కేకతోనే బండ కదిలిస్తాడని ఈయన్ని ఎక్కడెక్కడికో పిలుచుకుపోయేవాళ్ళు. నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ జనంలోకి పోయేవాళ్ళు కాదు. ఇంట్లో చూస్తే గట్టిగా ఒక మాటనే మనిషి కాదు. కూర బాగుందో లేదో కూడా చెప్పడు. ఈయన అరిస్తే ఎడ్లు వింటాయంట అని నవ్వుకునేదాన్ని.

పెళ్ళయిన రెండో ఏడు నేను నీళ్ళోసుకున్నాను. ఐదో నెలలో ఉండగా ఆయన పత్తికి పురుగుమందు కొడుతూ చేలోనే పడిపోయాడు. గాలికి ఎదురు నడిచాడన్నారు. బండిలో వేసుకుని దర్శి చేరేలోపే పోయాడు.

అమ్మాయి పుట్టాక, ఎడ్ల ఆసామి ఇంటినుంచి ఒక క్యాసెట్టు పంపించారు. వాళ్ళ బంధువు ఎవరో కువైట్ నుంచి టేప్ రికార్డర్ తెచ్చి, మా ఆయన తోలిన చివరి పందెం అందులో పట్టాడంట. మా మరిది దగ్గరున్న చిన్న టేప్ రికార్డర్లో పెట్టి విన్నాం. అంతా డప్పులు, ఈలలు, జనం. వాటి మధ్య ఎక్కడో ఆయన కేక, నూతిలోంచి వచ్చినట్టు. చివర్లో పందెం అయిపోయాక ఒకాయన అడుగుతాడు: "ఏమయ్యో, అప్పుడే పోతున్నావు, భోజనానికి ఉండవా?" దానికి మా ఆయన ఏదో చెబుతాడు. మూడు నాలుగు మాటలు. సరిగ్గా అప్పుడే డప్పులవాళ్ళు అందుకుంటారు. "ఇంటికి" అన్న ఒక్క ముక్క తప్ప ఏం వినపడదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నామో. తరవాత మిరపకాయల దుమ్ము దూరి ఆ టేప్ రికార్డరే చెడిపోయింది. ఇక నేను క్యాసెట్టును చీర మడతల్లో పెట్టేశాను.

అమ్మాయికి ఐదేళ్ళు వచ్చాయి. ఒకరోజు అన్నం తింటూ అడిగింది, "అమ్మా, నాన్న ఎట్లా మాట్లాడేవాడు?" అని. మెల్లగా మాట్లాడేవాడు అన్నాను. "మెల్లగా అంటే ఎట్లా? నువ్వు మాట్లాడి చూపించు." నేను నోరు తెరిస్తే నా గొంతే వచ్చింది. పిల్ల నవ్వింది. అప్పుడే అనుకున్నాను, దీని చెవిన వాళ్ళ నాన్న మాటలు, ఆ "ఇంటికి" అన్న ముక్క తరవాతేముందో అదంతా, ఎట్లాగైనా పడాలి అని.

మంచి సెట్టయితే డప్పుల్నీ మాటనీ విడదీసి వినిపిస్తుందని మా మరిది చెప్పాడు. ఆ ఏడు మిరపకాయలు గుంటూరు యార్డులో అమ్ముకుని, అట్నుంచటే ఇద్దరం సెట్ల షాపుకి పోయాం. షాపాయన బాగా మాటకారి. కంపెనీ సెట్టు ఒకటి, లైట్లు ఎగిరెగిరి పడేది, ఆన్ చేసి సినిమా పాట పెట్టాడు. కింద గచ్చు అదిరింది.

"చూశారా పిన్నిగారూ, బేస్ అంటే ఇదీ!"

"నా గుండె అదరడానికి నేను రాలేదయ్యా. ఇదిగో, ఈ క్యాసెట్టు పెట్టు."

పెట్టాడు. ఒక నిమిషం విని, "ఇందులో ఎద్దులు, డప్పులే ఉన్నాయి కదండీ!" అన్నాడు.

"ఒక మనిషున్నాడు. ఆయన మాట వినపడాలి."

షాపాయన నా మొహం చూసి, మెడ చూసి, క్యాసెట్టు బయటికి తీశాడు. దుకాణంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటి పెట్టాడు. లైట్ల సెట్టులో డప్పు మోత తప్ప ఇంకేం లేదు. రెండోదాంట్లో ఈలలు చెవుల్లో సూదుల్లా గుచ్చుకున్నాయి. మా మరిదికి విసుగొచ్చింది. "వదినా, ఏదో ఒకటి తీసుకుందాం, చివరి బస్సు పోద్ది" అన్నాడు. నువ్వెళ్ళి టీ తాగి రా నాయనా అని పంపించేశాను.

అప్పుడు షాపాయన లోపలినుంచి, వాళ్ళే పార్టులు తెచ్చి బిగించిన యాంప్లిఫయర్ ఒకటి తెచ్చాడు. రేకు డబ్బా, క్యాసెట్టూ అందులోనే పెట్టాలి, చూపులకేం లేదు. దానికి రెండు విడి స్పీకర్లు తగిలించాడు. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దించేద్దామా అన్నంత బరువు. "వెనకాల అయస్కాంతం చూశారా, ఎంతుందో! ఇది ఎంత బరువుంటే మాట అంత తేటగా వస్తుంది" అన్నాడు. మిరపకాయ బస్తా చేత్తో ఎత్తి తూకం చెప్పేదాన్ని నేను. బరువన్న మాట నాకు బాగా ఎక్కింది. పక్కనున్న తేలిక స్పీకరూ ఇదీ రెండు చేతుల్లో ఎత్తి చూసి, ఇదే పెట్టమన్నాను.

ఆయన బేస్ మొత్తం తగ్గించి, ట్రెబుల్ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాడు. డప్పులు ఎవరో తలుపేసినట్టు వెనక్కి పోయాయి. "భోజనానికి ఉండవా?" అన్న మాట పక్కనే నిలబడి అడిగినట్టు వినపడింది. ఆ తరవాత మా ఆయన.

"లేదండి, ఇంటికి పోవాలి. మా ఇంట్లో దానికి ఏం తిన్నా ఇమడట్లేదు. నిమ్మకాయలు పట్టుకుపోవాలి."

ఆ రోజు ఆయన నిమ్మకాయలు తెచ్చిన సంగతి నాకు గుర్తే. గుమ్మం పక్కన పెట్టి, ఏం చెప్పకుండా కాళ్ళు కడుక్కోడానికి పోయాడు. దారిలో చవగ్గా దొరికాయేమో అనుకున్నాను. అంతమంది మగాళ్ళలో నా సంగతి చెప్పి, పెద్దవాళ్ళ భోజనం కాదని వచ్చాడని ఇన్నేళ్ళకి ఆ కౌంటర్ దగ్గర తెలిసింది. షాపాయన మళ్ళీ వేయనా అన్నాడు. వద్దు, నా కూతురితో కలిసి వింటాను అన్నాను.

అదే నేను చేసిన తప్పు. కాదు, అసలు తప్పు ఇంకోటుంది.

విడి స్పీకర్లకు చెక్క పెట్టెలు ఎవరి ఊళ్ళో వాళ్ళే చేయించుకోవాలి. సందు లేకుండా బిగించమని షాపాయన చెప్పాడు. మా ఊరి వడ్రంగి వేపచెక్కతో రెండు పెట్టెలు చేశాడు. కల్లాల రోజులు, ఊరంతా కారం దుమ్ము, నిద్రలోనూ తుమ్ములే. టేప్ రికార్డర్ పోయిన భయం నాకు పోలేదు. "పెట్టె లోపల స్పీకర్ వెనకాల చిన్న అర ఒకటి కొట్టు. దుమ్ము పోకుండా తలుపు పెట్టు" అన్నాను. "అదెందుకమ్మా?" అన్నాడు. "నీకెందుకు, కొట్టు" అన్నాను. స్పీకర్ వీపుకి ఆనించినట్టుగా అర కుదిరింది. మా ఆయన క్యాసెట్టును అందులో పెట్టి తలుపేశాను. ఆయనకి ఇల్లు కట్టినట్టే అనిపించింది.

వెంటనే వినొచ్చు కదా అంటారేమో. మా అత్త అంది, నెలరోజుల్లో వాడి తద్దినం వస్తోంది, పిండం పెట్టి, అందరూ భోంచేశాక పిల్లకి వినిపిద్దాం, వాడే వచ్చినట్టుంటుంది అని. నాకూ బాగుందనిపించింది. ఆ నెలంతా మరిది వేరే క్యాసెట్లు పెట్టుకుని పాటలు విన్నాడు. సెట్టు భలేగా ఉందని వీధివీధంతా మెచ్చుకుంది.

తద్దినం రోజు మధ్యాహ్నం విస్తళ్ళు తీసేశాక పిల్లకి తల దువ్వి స్పీకర్ల ముందు కూర్చోబెట్టాను. అర తెరిచి క్యాసెట్టు తీసిచ్చాను. మరిది పెట్టాడు.

బుస్సుమని చప్పుడు. జనం కేక కొంచెం వచ్చి, పోయి, మళ్ళీ వచ్చి, పోయి. గాలి వీచి ఆగినట్టు. డప్పులూ అంతే. మరిది ఉన్న మరలన్నీ తిప్పాడు. చివరిదాకా విన్నాం. భోజనం మాట అడిగినాయన కూడా లేడు. పిల్ల అటూ ఇటూ రెండు పెట్టెల వంకా చూసి, "ఏదమ్మా నాన్న?" అంది. మా అత్త లేచి పెరట్లోకి పోయింది.

మర్నాడే మొదటి బస్సుకి గుంటూరు పోయాను. షాపాయన క్యాసెట్టు తిప్పి చూశాడు. ఎక్కడ పెట్టారు అని అడిగాడు. చెప్పాను. "అయస్కాంతం దగ్గర పెడితే తుడుచుకుపోతుందమ్మా. మీరు అక్కడ పెడతారని నేనేం కలగన్నాను" అన్నాడు. ఆయన్ని ఏమంటాను? బరువైనదే కావాలని ఎత్తి చూసుకుని మరీ కొన్నది నేను. దానికి ఆనించి అర కొట్టించిందీ నేనే. ఆసామి ఇంట్లో ఇంకో కాపీ ఉందేమోనని అడిగించాను. లేదన్నారు.

లేచి వచ్చేముందు షాపాయన్ని ఒక మాట అడిగాను. "ఆ రోజు మీరు కూడా విన్నారు కదండీ, నిమ్మకాయలు పట్టుకుపోవాలి అన్నాడు, అవునా?" ఆయన పాపం గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. "ఎన్నో క్యాసెట్లు వింటుంటానమ్మా. ఎద్దులు గుర్తున్నాయి" అన్నాడు.

ఆ రోజు మా మరిది టీకి పోయున్నాడు. నేను తప్ప ఆ మాటలు గుర్తున్న మనిషి లేడు. ఇంటికొచ్చి పిల్లకి చెప్పాను, మీ నాన్న ఇట్లా అన్నాడు అని. "నిజంగా అన్నాడా, నువ్వే చెబుతున్నావా?" అంది. ఒట్టేశాను. పెద్దదయ్యాక ఒకసారి అదే అడిగింది, ఇప్పుడు రాస్తూ రాస్తూ కలం ఆపి మళ్ళీ అడిగింది.